నడిమిట్ల పది కిలోమీటర్లు

ఆ ఆదివారం ఉదయం, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో ఉన్న నెట్ కేఫ్‌లో, మూడో నంబరు క్యాబిన్‌లో ఉన్నవాళ్లు: నేను, నా రూమ్మేటు, అతని అక్క. క్యాబిన్ తలుపుకు భుజం ఆనించి నిలబడి కేఫ్ యజమాని. ఉన్న వస్తువులు: కంప్యూటర్ ఒకటి, ఇద్దరికి మాత్రమే సరిపోయే బల్ల, మా కొత్త కోడ్ ఉన్న పెన్‌డ్రైవ్, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన జీపీఎస్ లాగర్, దాని కేబుల్, నాలుగు టీ గ్లాసులు, అక్క చేతిసంచీలో బైబిలు, పాటల పుస్తకం. అక్క చర్చికి కట్టుకునే చీరలో వచ్చింది. కాళ్లకు మాత్రం పొద్దున పరుగెత్తిన బూట్లే ఉన్నాయి.

అది 2008. లాగర్‌ను జేబులో వేసుకుని ఎటు వెళ్లినా, మనం ఉన్న చోటును అది సెకనుకోసారి రాసిపెట్టుకుంటుంది. తిరిగొచ్చి కేబుల్ తగిలిస్తే వేల వరుసల అంకెలు బయటికొస్తాయి: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. ఊరికే చూస్తే వాటిలో ఏమీ అర్థం కాదు. ఆ అంకెలు తీసుకుని మ్యాప్ మీద గీత గీసి, ఎంత దూరం వెళ్లారు, ఎంతసేపు పట్టింది, ఎంత వేగం అని చెప్పే వెబ్‌సైటు ఒకటి నేనూ నా రూమ్మేటూ కలిసి తయారుచేశాం. ఇద్దరికీ ఉద్యోగాలు వేరే ఉన్నాయి. ఇది సాయంత్రాల పని. వాడుకునేవాళ్లు ఇరవై మంది దాకా ఉండేవాళ్లు. ఎక్కువగా పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే పరుగెత్తేవాళ్లు, కొందరు సైకిళ్లవాళ్లు.

మా గది నాంపల్లి స్టేషన్‌కు దగ్గర. రైళ్ల ప్రకటనలు మూడు భాషల్లో కిటికీలోంచి వచ్చేవి. విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్ గదిలో ఉండేది కానీ ఇంటర్నెట్ లేదు. కాబట్టి మా పద్ధతి ఇలా ఉండేది. వారమంతా గదిలో కోడ్ రాయాలి. ఆదివారం దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అబిడ్స్ దాకా నడిచి, ఈ కేఫ్ నుంచి సర్వర్‌కు ఎక్కించాలి. ఏది రాసినా అది బయటి ప్రపంచంలో పని చేస్తుందో లేదో ఆదివారం దాకా తెలియదు. దాంతో శనివారం సాయంత్రానికే నాకు ఆకలి చచ్చిపోయేది. ఆదివారం ఆ దారిలో దుకాణాలన్నీ మూసి ఉండేవి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్లు. భూమి గుండ్రంగా ఉన్నప్పుడు రెండు చోట్ల మధ్య దూరం ఎలా లెక్కగట్టాలో నేను నేర్చుకున్న సర్వేయింగ్ పుస్తకం అక్కడ దొరికిందే. అట్ట లేదు, మొదటి అధ్యాయం లేదు. నాకు కావలసిన అధ్యాయం ఉంది.

మొట్టమొదటి గీత తెరమీద కనబడిన రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. ఆ గీత నాదే. స్టేషన్ నుంచి బయల్దేరి గన్‌ఫౌండ్రీ మీదుగా అబిడ్స్ దాకా నేను నడిచిన నడక. ఉపగ్రహం తీసిన బొమ్మ మీద సన్నటి ఎర్రదారంలా పడి ఉంది. ఒకచోట ఆ దారం చిక్కుపడి చిన్న ఉండలా కనిపించింది. ఏమిటా అని దగ్గరికి జరిపి చూస్తే, అది నేను మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడ్డ చోటు. ఆకాశంలో ఎక్కడో తిరుగుతున్న ఉపగ్రహాలకు నేను బజ్జీలు తిన్న సంగతి తెలుసు! నేనూ రూమ్మేటూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నాం. కేఫ్ యజమాని గొడవేమిటో చూడడానికి వచ్చి, తెర చూసి, సంగతి విని, ఒకే ప్రశ్న అడిగాడు.

"ఈ డబ్బా కబూతర్‌కు కట్టొచ్చా భాయ్?"

ఆయనకు మేడ మీద పావురాలు ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ తిరిగి వస్తాయో తెలుసుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. లాగర్‌ను ఆయన అరచేతిలో పెట్టాను. రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు.

"బరువున్నది. ఇది కడితే నా కబూతర్ ఎగరదు, ఆటోల పోతది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన మా పక్షం.

అక్క సంగతి చెప్పాలి. వాళ్లది మెదక్. అక్క నాంపల్లి దగ్గర ఒక పెద్ద దవాఖానాలో స్టాఫ్ నర్సు, నర్సుల క్వార్టర్స్‌లోనే ఉండేది. హాస్టల్‌లో చదువుకునే రోజుల నుంచి పొద్దున్నే లేచి పరుగెత్తడం అలవాటు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మా గదికి టిఫిన్ క్యారియర్ తెచ్చేది. కోడికూర మేం తింటుంటే తాను మా కంప్యూటర్ ముందు కూర్చుని, అందులో ఉంచుకున్న సైటు నకలులో ఆ వారం గీతలు చూసుకునేది. మా ఇరవై మందిలో అందరికన్నా శ్రద్ధగా లాగర్ వాడింది ఆమే. జేబులో పెడితే ఎగిరి పడుతుందని వార్డులో వాడే సాగే బ్యాండేజీతో మోచేతి పైన చుట్టుకునేది. దూరం నుంచి చూస్తే ఎవరో పేషెంటు దవాఖానా నుంచి పారిపోతున్నట్టు ఉండేదని ఆమె తమ్ముడు అనేవాడు.

ఆ ఆదివారానికి మూడు వారాల ముందు, ఇలాగే కూర్చుని చూస్తూ ఆమె అంది:

"మీ గీత మంచిగనే ఉన్నది గని తమ్మీ, నాకు కావాల్సింది ఇది చెప్తలేదు."

"ఏం కావాలక్కా?"

"నేను మొదట్ల మెల్లగ ఉరుకుత. ఒళ్లు వేడెక్కాలె గద. ఆఖర్ల ఇంటికొచ్చేటప్పుడు నడుస్త. మీ పేజీ అంతా కలిపి గిన్ని కిలోమీటర్లు, గింత టైమ్ అంటది. నాకు గది వద్దు. నడిమిట్ల పది కిలోమీటర్లు ఎంతసేపట్ల ఉరికిన్నో గది కావాలె."

"మొదట్ల మెల్లగ, ఆఖర్ల నడక. ఇగ ఉరికేది ఏడనే నువ్వు?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోర్ముయ్. లిఫ్ట్ లేకుంటే మొదటి అంతస్తు గూడ ఎక్కవు."

పది కిలోమీటర్లే ఎందుకంటే, నగరంలో ఏటా జరిగే పరుగు పందెం పొడవు అది. దవాఖానా తరఫున నలుగురు నర్సులు అందులో పాల్గొంటారు. ఆదివారం పందెం కాబట్టి పోలీసులు రోడ్డును కొంతసేపే ఆపుతారు. గంటా పది నిమిషాలు దాటగానే బస్సులను వదులుతారు. అప్పటికి గమ్యం చేరనివాళ్లను వెనకే వచ్చే వ్యాన్ ఎక్కించుకుంటుంది. కిందటేడు అక్క ఆ వ్యాన్ ఎక్కింది. గమ్యం దగ్గర కట్టిన రంగుల గుడ్డ కనబడుతూనే ఉందట. ఎక్కనని అక్క, ఎక్కాలని వలంటీరు, వెనక బస్సుల హారన్లు. చివరికి ఎక్కింది. వ్యాన్ గమ్యం ముందు నుంచే వెళ్లింది, తోటి నర్సులు మెడల్స్ వేసుకుని చేతులూపారు. తర్వాత చాలా రోజులు వార్డులో ఇదే ముచ్చట. స్ట్రెచర్ తోసే మనిషి కూడా "సిస్టర్, ఈసారి కిటికీ సీటు రిజర్వు చేపియ్యాల్నా?" అని అడిగాడట. చెప్తూ అక్క నవ్వింది. నవ్వు త్వరగా అయిపోయింది.

"ఈసారి వ్యాన్ ఎక్కనే ఎక్క తమ్మీ. గంటా పది నిమిషాలల్ల అయితదని తెలిస్తేనే పేరిస్త. లేకుంటే ఇయ్య. పక్క వార్డు పిల్ల ఉన్నది, దాన్ని పంపమంట."

ఆ పాత పేజీ లెక్క ప్రకారం ఆమె ఎప్పుడూ సరిగ్గా ఆ గంటా పది నిమిషాల అంచు మీదే ఉండేది. మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే పది కిలోమీటర్లకు ఒకసారి గంటా పదకొండు, ఒకసారి గంటా తొమ్మిది. నెమ్మదిగా మొదలుపెట్టింది, చివర్లో నడిచింది, అన్నీ అందులో కలిసిపోయేవి.

ఆమె వెళ్లిన తర్వాత నేను కాగితం తీసి కొత్తగా చేయవలసినవి రాశాను.

ఒకటి: ప్రతి కిలోమీటరుకూ విడివిడిగా సమయం చూపే పట్టిక.
రెండు: ఎక్కడెక్కడ ఆగారో మ్యాప్ మీద చుక్క, ఆగినంత సేపూ విడిగా.
మూడు: మొత్తం పరుగులో అన్నిటికన్నా వేగంగా పరుగెత్తిన పది కిలోమీటర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో వెతికి చూపడం.
నాలుగు: పేజీ త్వరగా తెరుచుకోవడం.

మూడోది రాస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టడం కష్టం. మొదట తెలివితక్కువగా రాశాం. ప్రతి పాయింటు దగ్గరా మొదలుపెట్టి, అక్కడి నుంచి పది కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, పక్క పాయింటు దగ్గర మొదలుపెట్టి. మా కంప్యూటర్ ఫ్యాను హోరెత్తింది. మేం కిందికి దిగి ఇడ్లీ తిని వచ్చినా జవాబు రాలేదు. అప్పుడు రూమ్మేటు ఒక చూపుడువేలు బల్ల మీద ఇక్కడ, ఇంకో చూపుడువేలు అక్కడ పెట్టాడు.

"అరే, వెనక్కి ఎందుకు పోవాలె? ముందు వేలు జరుపు. పది దాటింది. వెనక వేలు జరుపు. పదికి తగ్గింది. మళ్ల ముందుది. రెండూ ముందుకే పోతయి. ఒక్క చుట్టు. గంతే!"

నేను అతని వేళ్లనే చూస్తూ కోడ్ రాశాను. నడిపించాను. ఫ్యాను చప్పుడు చేయలేదు. జవాబు వచ్చేసింది, నేను మీట మీద నుంచి వేలు తీసేలోపే. ఇద్దరం ఎంత గట్టిగా అరిచామంటే కింది వాటాలో ఉన్న దర్జీ కర్రతో కప్పును పొడిచాడు.

నాలుగోది అన్నిటికన్నా ఎక్కువగా కేఫ్ కోసం. గంటా పది నిమిషాల పరుగంటే నాలుగు వేల పైచిలుకు పాయింట్లు. ఆ కనెక్షన్ మీద అవన్నీ దిగి, గీత పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయేది. కళ్లకు తేడా తెలియనప్పుడు అన్ని పాయింట్లు ఎందుకు? నలభై పాయింట్లకు ఒకటి ఉంచి మిగతావి వదిలేద్దామని ఇద్దరం అనుకున్నాం. నాలుగు వేలు నూరు చిల్లరకు దిగాయి. మా గదిలోనే తెలిసిపోయింది, పేజీ చిటికెలో తెరుచుకుంటోంది. పాయింట్లు తగ్గించే పనిని అన్నిటికన్నా ముందు పెట్టాం. తర్వాత చేసే లెక్కలన్నీ కూడా తేలికవుతాయి కదా అని.

ఇక ఆ ఆదివారం.

ముందు కోడ్ సర్వర్‌కు ఎక్కించాం. తర్వాత అక్క చేతిసంచీలోంచి తీసి ఇచ్చిన లాగర్‌కు కేబుల్ తగిలించాం. అక్క ఆ రోజు చీకటి ఉండగానే లేచి, క్వార్టర్స్ నుంచి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లి, లోపలి దారుల్లో కొలను చుట్టూ ఎన్నో చుట్లు పరుగెత్తి, బయటికి వచ్చి, దవాఖానా మీదుగా అబిడ్స్ దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. తర్వాత స్నానం చేసి, చీర కట్టుకుని కేఫ్‌కు వచ్చింది. చర్చిలో ఆరాధన తొమ్మిదింటికి. దవాఖానాలో నర్సుల పెద్ద, వాళ్లందరూ మేడం అని పిలిచే ఆవిడ, నాలుగో పేరు తొమ్మిదిలోపు ఫోన్ చేసి చెప్పమంది. లేకపోతే పక్క వార్డు అమ్మాయి పేరు రాసేస్తానంది.

"ఎక్కియ్యుండ్రి. దేవుని పేరు చెప్పి ఎక్కియ్యుండ్రి" అంది అక్క.

పేజీ తెరుచుకుంది. చిటికెలో! యజమాని "వాహ్" అన్నాడు. పట్టిక వచ్చింది, ప్రతి కిలోమీటరుకూ ఒక వరుస. మ్యాప్ మీద ఎర్రగీత వచ్చింది. ఆ గీతలోనే ఒక భాగం ఆకుపచ్చగా మారింది. అదే నడిమిట్ల పది కిలోమీటర్లు. దాని కింద పెద్ద అక్షరాలతో సమయం: గంటా పదమూడు నిమిషాలు.



"పదమూడా?" అంది అక్క.

"ఔ" అన్నాడు తమ్ముడు, మెల్లగా.

"పాత పేజీ తొమ్మిది, పదకొండు అనేది. కొత్తది వెతికి వెతికి మంచి పది కిలోమీటర్లు తీస్తదన్నరు. తీసి పదమూడు అంటుందా?"

మేం ఆమె కోసం చేసిన పని ఆమె ముందే ఆమెను వ్యాన్ ఎక్కించింది. అక్క చేతిసంచీ తీసుకుంది, లేచింది.

"పోనీలే తమ్మీ. మీరేం చేస్తరు? కాళ్లు నాయి గద. మేడంకు ఫోన్ చేసి ఆ పిల్ల పేరు చెప్త."

సెల్‌ఫోన్ తీసింది. క్యాబిన్‌లో సిగ్నల్ సరిగా ఉండదు, అందుకని బయటికి వెళ్లబోయింది. ఆమెను ఎలాగైనా కాసేపు ఆపాలని కావచ్చు, అలవాటు చొప్పున కావచ్చు, తమ్ముడు గీతను పెద్దది చేసి ఎగతాళికి దిగాడు.

"ఒక్కసారి గిటు చూడే అక్కా. నువ్వు ఉత్త మనిషివి కావు. కొలనుల ఉరికినవ్. నీళ్ల మీద నడిచినవ్ తల్లీ! ఇయ్యాల చర్చిల పాస్టర్‌గారికి చెప్పు, బైబిల్ల ఇంకో పేజీ కలుపుతరు."

"దేవుని మాటలతోని ఎగతాళి చెయ్యకు, చెంప పగులుతది" అంటూ అక్క వెనక్కి తిరిగి తెర వైపు చూసింది. చూసి తానే ఫక్కున నవ్వింది. నిజంగానే గీత కొలను నడుమ నుంచి పోతోంది. ఒడ్డున గుండ్రంగా తిరిగే దారి ఉంది. గీత మాత్రం ఇటు ఒడ్డున మొదలై నీళ్లు దాటి అటు ఒడ్డున తేలుతోంది. కొలను చుట్టూ ఉండవలసిన గుండ్రటి గీత ఒక వంకర త్రికోణంలా ఉంది. చుట్టు చుట్టుకూ ఒక త్రికోణం, ఒకదాని మీద ఒకటి.

నేను వేలితో ఒక త్రికోణం అంచు వెంట గీశాను.

"అక్కా, ఆగు. ఫోన్ చెయ్యకు."

"ఏంది?"

"నువ్వు కొలను చుట్టూ తిరిగినవ్. మా లెక్క అడ్డంగా పోయింది."

నలభైకి ఒక పాయింటు ఉంచాం కదా. రోడ్డు తిన్నగా ఉంటే నష్టం లేదు, రెండు పాయింట్లకు మధ్య గీత గీస్తే అది రోడ్డు మీదే ఉంటుంది. గుండ్రటి దారిలో రెండు పాయింట్లను గీతతో కలిపితే అది మూల కోసుకుంటూ పోతుంది. అక్క పరుగు సగానికి పైగా తోటలోని వంకర దారుల్లోనే. ఆమె నిజంగా పరుగెత్తిన మీటర్లు మేం ప్రతి మలుపులోనూ కోసి పారేశాం. పేజీ త్వరగా తెరుచుకోవాలని చేసిన పని మ్యాప్‌కు మాత్రమే సరిపోతుంది. దూరం లెక్క దాని తర్వాత పెట్టడం వల్ల ఆ కోత దూరంలోకి వచ్చింది. పది కిలోమీటర్లని మేం చూపిస్తున్నది నిజానికి పదిన్నర దాకా ఉంటుంది.

రూమ్మేటు నా మాట పూర్తి కాకముందే కుర్చీ లాక్కున్నాడు.

"రెండు పనులు తారుమారు చేస్తే అయిపోతది. ముందు దూరం, తర్వాత కోత. నాలుగు లైన్లు కిందికి జరుపుడే."

"చెయ్యి మరి!"

"చేస్తున్న, నువ్వు భుజం మీదకి ఒరగకు."

అక్క తలుపు దగ్గరే నిలబడి ఫోన్‌ను, గోడ గడియారాన్ని మార్చి మార్చి చూస్తోంది. ఎనిమిదిన్నర దాటింది. లైన్లు జరపడం నిమిషం పని. సర్వర్‌కు ఎక్కించడం మా చేతుల్లో లేదు. సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ ఆగింది.

"భాయ్, ఇయ్యాల నెట్ మస్తు స్లో ఉన్నది" అన్నాను యజమానితో.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, రెండో నంబరు క్యాబిన్ తలుపు తట్టాడు.

"బాబూ, నువ్వు దింపే సినిమా జర ఆపు. గీడ సిస్టర్ పరుగు ఉన్నది."

లోపలి నుంచి "ఏం పరుగు?" అని వినిపించింది.

"నీకెందుకు? ఆపు. పది నిమిషాలు ఎక్కువ కూర్చో, ఫ్రీ."

రెండో క్యాబిన్‌లోని కుర్రవాడు సినిమా ఆపి, ఏం జరుగుతోందో చూడడానికి మా క్యాబిన్ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు తలుపు దగ్గర ముగ్గురు. ఎక్కించే పట్టీ తెరమీద నిండుతూ పోయింది. నిండింది. రూమ్మేటు రెండు చేతులూ పైకెత్తాడు. నేను అక్క ఫైలును మళ్లీ ఇచ్చాను.

మ్యాప్ మీద గీత ఇప్పటికీ కొలను మీదుగానే ఉంది, ఎందుకంటే మ్యాప్‌కు కోత అలాగే ఉంచాం. కింద అంకెలు మారాయి. ఈసారి పేజీ రెండు సమయాలు చూపించింది. అది మేం కొత్తగా పెట్టిన రెండో అంశం, ఇందాక పాయింట్లు కోతలో పోవడంతో ఆగిన చోటు దానికి దొరకలేదు. ఆగినంత సేపూ తీసేస్తే: గంటా ఆరు నిమిషాల ముప్ఫై సెకన్లు. ఆగింది కూడా కలిపితే: గంటా తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

నేను అరిచాను. రూమ్మేటు అరిచాడు. సినిమా కుర్రవాడు సంగతి తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. అక్క మాత్రం బల్ల మీదికి వంగి రెండు అంకెలనూ చదివింది.

"ఈ రెండిట్ల ఏది నిజం?"

"రెండూ నిజమే అక్కా. మూడు నిమిషాల పది సెకన్లు నువ్వు ఆగినవ్. ఇగో, గీడ" అని మ్యాప్ మీద నల్లచుక్క చూపించాను.

చుక్క దవాఖానా గేటు దగ్గర ఉంది.

"మూడు నిమిషాలు గేటు కాడ ఏం చేసినవే? చాయ్ తాగినవా?" అన్నాడు తమ్ముడు.

"చాయా, నీ మొఖమా? పేషెంట్ల మనుషులు ఫుట్‌పాత్ మీద పండుకుంటరు గద. లేచి 'సిస్టర్, మా నాయినకు రాత్రి ఎట్లున్నది?' అని అడిగిన్రు. మన మెదక్ దిక్కోళ్లే. ఉరుక్కుంట ఎట్ల పోత? బీపీ దిగింది, ఫికర్ చెయ్యకుండ్రి, డాక్టర్‌గారు వస్తరు అని చెప్పొచ్చిన."

"అయితే దాన్ని తీసెయ్యాలె. అది పరుగు కాదు. పందెంల గేటు ఉండదు. నీది ఆరు నిమిషాల ముప్ఫై" అన్నాడు తమ్ముడు.

నేనూ అదే అన్నాను. ఆగిన సమయాన్ని తీసి చూపడం కోసమే కదా ఆ అంశం పెట్టాం. రోడ్డు దాటడానికి ఆగినవాళ్లకు అన్యాయం జరగకూడదని. గంటా ఆరున్నర అంటే ఆమెకు మూడున్నర నిమిషాలు చేతిలో ఉంటాయి. భయం లేకుండా పేరు ఇవ్వొచ్చు.

అక్క తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు తమ్మీ. ఆగినప్పుడు నాకు దమ్ము తిరిగొచ్చింది. మూడు నిమిషాలు నిలబడి మాట్లాడితే ఎవ్వరికైనా వస్తది. ఆ దమ్ముతోనే గద తర్వాత గట్టిగ ఉరికిన? మీ పట్టిక చూడు."

చూశాను. మేం ఎంతో ముచ్చటపడి పెట్టిన కిలోమీటర్ల పట్టికలో, గేటు దాటిన తర్వాతి కిలోమీటరే అన్నిటికన్నా వేగంగా ఉంది. నేను రాసిన కోడ్ గీసిన పట్టికే, కానీ దాన్ని అలా చదవాలని నాకు తట్టలేదు.

"ఆగింది నేనే గద. కలిపే చూస్త. తొమ్మిది నిమిషాల నలభై" అంది అక్క.

"మరీ అంచు మీద ఉన్నది గదే" అన్నాడు తమ్ముడు. ఈసారి ఎగతాళి లేదు.

"అంచుకు ఇవతలనే ఉన్న గద."

ఫోన్ తీసుకుని కేఫ్ మెట్లు దిగింది. మేమిద్దరం వెనకే వెళ్లాం. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తున్నారు. అక్క ఒక చెవి మూసుకుని, బస్సుల చప్పుడు మీద నుంచి మాట్లాడింది.

"మేడం, నేనే... ఔ మేడం... నాలుగో పేరు నాదే రాయుండ్రి... ఔ, నాదే... లే మేడం, వ్యాన్ మాట తీయకుండ్రి మీరు గూడ!"

ఫోన్ సంచీలో పడేసి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఆరాధనకు టైమైందని చర్చి వైపు వేగంగా నడిచింది. చీర కింద బూట్లు దుమ్ము రేపుకుంటూ వెళ్లాయి. తమ్ముడు చేతి గడియారం చూసి, "ఈ నడక గూడ లాగర్ల ఎక్కించాల్సింది" అన్నాడు.

మేం మళ్లీ కేఫ్‌లోకి వెళ్లాం. ఆ రోజు మధ్యాహ్నం దాకా కదల్లేదు. మా ఇరవై మంది పాత పరుగులన్నిటినీ కొత్త లెక్కలో వేసి చూశాం. సైకిళ్లవాళ్లకు వాళ్ల వేగవంతమైన పది కిలోమీటర్లు ఎక్కడ వచ్చాయో చూస్తే ఒకాయనది అంతా దిగుడు దారి! ఇంకొకాయన పరుగులో ఆగిన చుక్కలు అన్నీ హోటళ్ల ముందే. ఒక్కొక్కటి తెరుస్తూ, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ నవ్వుకున్నాం. యజమాని మధ్యలో వచ్చి, ఎత్తు చూపే బొమ్మ కూడా పెట్టమన్నాడు. ఎందుకంటే పావురం ఎంత పైకి వెళ్లిందో తెలియాలట. లాగర్ బరువు సంగతి ఆయన మర్చిపోలేదు. తేలికది ఎప్పుడో ఒకనాడు వస్తుంది కదా అన్నాడు. నేను కాగితం తీసి ఐదోది అని రాసుకున్నాను. వచ్చే వారం పని దొరికిందన్న సంతోషంతో గదికి నడిచి వెళ్లాం. దారిలో ఎక్కడా ఆగాలనిపించలేదు.

రెండు వారాల తర్వాత పందెం రోజు నేనూ రూమ్మేటూ గమ్యం దగ్గర రంగుల గుడ్డ కింద నిలబడ్డాం. ముందు మిగతా ముగ్గురు నర్సులు వచ్చారు. తర్వాత చాలాసేపు అక్క రాలేదు. నిర్వాహకుల పెద్ద గడియారంలో గంటా ఏడు నిమిషాలు దాటాయి. రూమ్మేటు గోళ్లు కొరుకుతున్నాడు. నేను గడియారం చూడడం మానేసి దారి చూడడం మొదలుపెట్టాను. మలుపులో మోచేతికి బ్యాండేజీ కట్టుకున్న మనిషి కనబడింది. ఆమెకు కాస్త వెనకగా తెల్ల వ్యాన్ మెల్లగా వస్తోంది. రూమ్మేటు రోడ్డు మీదికి దూకి, "ఉరుకే! వెనక్కి చూడకే! ఉరుకే!" అని గొంతు పగిలేలా అరిచాడు. అక్క వెనక్కి చూడలేదు. మమ్మల్నీ చూడలేదు.

నిర్వాహకులు పందెం ఫలితాల కాగితాన్ని దడి మీద అతికించారు. అక్క పేరుకు ఎదురుగా ఉన్న సమయం: గంటా ఎనిమిది నిమిషాల యాభై రెండు సెకన్లు.